ఊరి గోడు, సభా వేదిక: పుచ్చలపల్లి సుందరయ్య శాసనసభా జీవితం

(స్మారకోపన్యాస పాఠం, మల్లాపూర్)

పుచ్చలపల్లి సుందరయ్య 1913 మే 1న నెల్లూరు జిల్లా అలగానిపాడులో, భూవసతి ఉన్న రైతు కుటుంబంలో పుట్టారు. 1952లో మద్రాసు రాష్ట్రం నుంచి రాజ్యసభకు వెళ్లారు. 1955లో కృష్ణా జిల్లా గన్నవరం నుంచి ఆంధ్ర శాసనసభకు గెలిచారు. 1962లోనూ, మళ్లీ 1978లోనూ అదే గన్నవరం ఆయన్ను ఆంధ్రప్రదేశ్ శాసనసభకు పంపింది. 1964లో ఏర్పడిన మార్క్సిస్టు కమ్యూనిస్టు పార్టీకి ఆయనే తొలి ప్రధాన కార్యదర్శి. 1985 మే 19న మద్రాసులో కన్నుమూశారు. పార్లమెంటుకు సైకిలు మీద వెళ్లిన సభ్యుడిగా ఆయన పేరు తెలుగునాట ఇంటింటికీ తెలుసు. ఆ కథ నిజం, గొప్పది కూడా. అయితే దానికి వచ్చిన ప్రచారంలో పదో వంతు కూడా ఆయన సభలో చేసిన పనికి రాలేదు. పల్లె నుంచి వచ్చిన సభ్యుడు ఇల్లు, వైద్యం, ధరలు అనే విషయాలను చట్టసభ ముందు ఎలా పెట్టాలో నేర్చుకోవడానికి సుందరయ్య జీవితాన్ని మించిన పాఠం తెలుగువారికి లేదు. ఈ మూడింటినీ ఆయన ఒకే లెక్కగా చూశారు. ఆ లెక్కకు మూలం భూమి, కూలి.

ఆ చూపు ఆయనకు పుస్తకాల కంటే ముందు ఊరు ఇచ్చింది. 1930లో మద్రాసులో కాలేజీ చదువు వదిలి సత్యాగ్రహంలో చేరారు. చిన్న వయసు కావడంతో ప్రభుత్వం ఆయన్ను బోర్‌స్టల్ స్కూలులో ఉంచింది. విడుదలయ్యాక అలగానిపాడు చేరి వ్యవసాయ కూలీలను కూడగట్టారు. రాత్రి బడి పెట్టారు. కూలీలకు సరుకులు చవగ్గా అందించే దుకాణం నడిపారు. సొంత బంధువర్గానికి ఎదురు నిలిచి కూలిరేట్ల కోసం పోరాడారు. ఒక భూస్వామి కొడుకు, తన ఇంటి పాలేర్ల పక్షాన, తన ఇంటివాళ్లనే కూలి పెంచమని అడగడం 1930ల నాటి కోవూరు తాలూకాలో చిన్న సంగతి కాదు.

దుకాణం ఎందుకు పెట్టారో తెలియాలంటే నాటి కూలి బతుకు ఎలా సాగేదో చూడాలి. కూలి ఎక్కువగా గింజల రూపంలో ముట్టేది. ఉప్పు, కిరసనాయిలు, గుడ్డ, మందు మాత్రం డబ్బు పెట్టి కొనాలి. ఆర్థికమాంద్యంలో ధాన్యం ధర పడిపోయింది. కూలీ చేతిలోని గింజలకు వచ్చే డబ్బు తగ్గింది. కొనాల్సిన సరుకు మాత్రం అరువు మీద, షావుకారు చెప్పిన ధరకే దొరికేది. పనుల్లేని నెలల్లో తిండిగింజలు నాగుకు తెచ్చుకుని, కోతలయ్యాక అసలుకు సగం కలిపి కొలిచి ఇచ్చేవారు. ఇంట్లో ఎవరికైనా జబ్బు చేస్తే ఆ అప్పు ఏడాదికేడాది పెరిగేది. కూలి పెరిగినా దుకాణంలో ధర పెరిగితే చేతికి మిగిలేది శూన్యం. కాబట్టి కూలి సంఘమూ దుకాణమూ ఒకే పనికి రెండు చేతులు.

ఇంటి సమస్య ఇంకా లోతైనది. చాలా ఊళ్లలో కూలీల గుడిసెలు భూస్వామి జాగాలోనో, ఆయన పలుకుబడి కింద ఉన్న పోరంబోకులోనో ఉండేవి. కూలి పెంచమని పని మానేస్తే మర్నాడు గుడిసె పీకెయ్యమనే మాట వచ్చేది. పశువుకు గడ్డి లేదు, బయటికి నడవడానికి దారి లేదు, బావి దగ్గరకు రానివ్వరు. సొంత జాగా లేని మనిషికి బేరమాడే శక్తి ఉండదు. ఇళ్ల స్థలాల పట్టాలను కమ్యూనిస్టులు, వ్యవసాయ కార్మిక సంఘాలు దశాబ్దాల తరబడి కూలిరేట్ల డిమాండుతో కలిపి అడగడానికి కారణం ఇదే. నాలుగు సెంట్ల పట్టా కాగితం ఆ కుటుంబానికి గూడుతో పాటు, పని చేయనని చెప్పగల ధైర్యాన్నీ ఇచ్చేది. తర్వాతి ప్రభుత్వాలు ఇంటి పథకాలకు రకరకాల పేర్లు పెట్టాయి గానీ, ఇంటికీ కూలికీ ఉన్న ఈ బంధాన్ని చాలావరకు మరిచిపోయాయి.

కమ్యూనిస్టులు నడిపిన తెలంగాణ సాయుధ పోరాటం 1951లో ముగిసింది. మరుసటి ఏడాదే తొలి సాధారణ ఎన్నికలు. నల్లగొండ లోక్‌సభ స్థానం నుంచి రావి నారాయణరెడ్డి, నెహ్రూ కంటే ఎక్కువ మెజారిటీతో గెలిచారు. ఆయనది భువనగిరి దగ్గరి బొల్లేపల్లి. ఉప్పల్ నుంచి వరంగల్ రోడ్డు పట్టుకుంటే వచ్చే ప్రాంతమే. అప్పటిదాకా అజ్ఞాతంలోనో జైల్లోనో ఉన్నవాళ్లు ఒక్కసారిగా చట్టసభల మెట్లెక్కారు. సుందరయ్య రాజ్యసభలో కమ్యూనిస్టు పక్షానికి నాయకుడయ్యారు. సభ్యులు తమ జీతం పార్టీకి ఇచ్చి, పార్టీ ఇచ్చే అలవెన్సుతో బతకాలన్నది వారి నియమం. సైకిలు ఆ నియమంలోంచి వచ్చిందే. జీతం ఎంత, ఖర్చు ఎంత అన్నది కూలీ ఇంటి లెక్కకు దగ్గరగా ఉండాలని వారు అనుకున్నారు; ధరల గురించి మాట్లాడే మనిషికి ధరలు తగలాలి కదా.

1955 ఆంధ్ర మధ్యంతర ఎన్నికల్లో కమ్యూనిస్టులకు దాదాపు 31 శాతం ఓట్లు వచ్చాయి. సీట్లు మాత్రం 196లో 15. అధికారం ఖాయమనుకున్న పార్టీకి అది పెద్ద దెబ్బ. గెలిచిన ఆ కొద్దిమందిలో సుందరయ్య ఒకరు. రాష్ట్రావతరణ తర్వాత 1957లో తెలంగాణ ప్రాంతంలోనే ఎన్నికలు జరిగాయి. ఆంధ్ర ప్రాంతం సభ్యులు 1962 దాకా కొనసాగారు. ఆ ఏడేళ్లు చిన్న ప్రతిపక్షానికి పెద్ద బడి. ఓట్లతో ప్రభుత్వాన్ని కదిలించలేని పక్షం ప్రశ్నలతో, అంకెలతో కదిలించాలి.

అందుకు సభ ఇచ్చే సాధనాలు ఏమిటో ఇక్కడ వివరంగా చెప్పుకోవాలి. మొదటిది ప్రశ్నోత్తరాల సమయం. నక్షత్రం గుర్తున్న ప్రశ్నకు మంత్రి సభలో నోటితో జవాబు చెప్పాలి, దానిమీద అనుబంధ ప్రశ్నలు వేయవచ్చు. నక్షత్రం లేనిదానికి రాతపూర్వకంగా జవాబిస్తారు. పల్లె ఆస్పత్రి గురించి ‘పరిస్థితి బాగాలేదు’ అని ప్రసంగిస్తే మంత్రి ‘పరిశీలిస్తాం’ అని కూర్చుంటారు. ‘ఈ తాలూకాలో మంజూరైన డాక్టరు పోస్టులు ఎన్ని, భర్తీ అయినవి ఎన్ని, ఖాళీగా ఉన్నవి ఎప్పటి నుంచి, మందుల పద్దు కింద గత ఏడాది ఖర్చయినది ఎంత’ అని అడిగితే కాగితం మీద అంకెలు వస్తాయి. ఆ అంకెలు సభా కార్యకలాపాల్లో అచ్చవుతాయి. ఆ తర్వాత వాటిని ఎవరూ కాదనలేరు.

రెండోది బడ్జెట్ పద్దుల చర్చ. ప్రతి శాఖ గ్రాంటు మీదా కోత తీర్మానం పెట్టవచ్చు. విధానాన్ని తప్పుపట్టేందుకు పద్దును రూపాయికి తగ్గించమనడం, ఒక ఫిర్యాదు చెప్పేందుకు వంద రూపాయలు తగ్గించమనడం అందులో పద్ధతులు. కోత తీర్మానం నెగ్గదు, నెగ్గదని పెట్టేవారికీ తెలుసు. దాని ప్రయోజనం వేరు: తన ఊరి చెరువు తూము గురించో, తాలూకా ఆస్పత్రి గురించో మాట్లాడటానికి సభ్యుడికి అది హక్కుగా సమయం తెచ్చిపెడుతుంది. వాయిదా తీర్మానం, గవర్నరు ప్రసంగంపై చర్చ, అర్జీల సంఘం, ప్రభుత్వ హామీల సంఘం కూడా ఉన్నాయి. వీటన్నిటిలో సభ్యులు తక్కువగా వాడుకునేది హామీల సంఘం. మంత్రి సభలో ‘చేస్తాం’ అన్న మాటను పట్టుకుని, చేశారా లేదా అని అడిగే సంఘం అది. ప్రశ్న వేసి ఊరుకునే సభ్యుడికీ, జవాబు వెంట పడే సభ్యుడికీ తేడా ఇక్కడే తెలుస్తుంది.

హద్దులూ ఉన్నాయి. ఖజానా నుంచి ఖర్చు పెట్టించే బిల్లును గవర్నరు సిఫార్సు లేకుండా సభ ఆమోదించకూడదని రాజ్యాంగం 207వ అధికరణం చెబుతుంది. అంటే ప్రతిపక్ష సభ్యుడు ఇళ్లు కట్టించలేడు, ఆస్పత్రి పెట్టలేడు. అతను చేయగలిగింది లెక్క అడగడం, లెక్క చూపడం. సుందరయ్యకు ఈ సంగతి బాగా తెలుసు. భూమి, నదీజలాలు, ఆహారం గురించి ఆయన మాట్లాడినా, రాసినా అందులో ఎకరాలు, పుట్లు, టీఎంసీల లెక్క లేకుండా ఉండేది కాదు. 1946లో రాసిన ‘విశాలాంధ్రలో ప్రజారాజ్యం’లోనే కృష్ణా, గోదావరి నీళ్లను ఎలా వాడుకోవాలో ఆలోచన ఉంది. పదేళ్ల తర్వాత ఏర్పడబోయే రాష్ట్రానికి ముందుగా రాసిపెట్టుకున్న పనుల పట్టిక లాంటిది ఆ పుస్తకం.

అంకెల మీద ఆయన శ్రద్ధకు మంచి ఉదాహరణ అప్పటి గుంటూరు జిల్లాలోని అనంతవరం. 1974లో ఆ ఊరి భూమి, కూలి, కౌలు, కుటుంబాల పరిస్థితులపై సుందరయ్య సర్వే చేయించారు. అఖిల భారత పార్టీ ప్రధాన కార్యదర్శి ఒక్క ఊరి ఇళ్ల లెక్కలతో కూర్చోవడం అరుదైన విషయం. మూడు దశాబ్దాల తర్వాత, 2005–06లో, వ్యవసాయ పరిశోధకులు అనంతవరాన్ని మళ్లీ సర్వే చేశారు. పచ్చని కృష్ణా డెల్టా ఊళ్లో కూడా ఎక్కువ కుటుంబాలకు సొంత సాగుభూమి లేదని ఆ సర్వేలో తేలింది. రెండు కాలాలను పోల్చే వీలు కలిగింది మొదటి సర్వే ఉండబట్టే. నియోజకవర్గంలో ఒక్క ఊరి లెక్కనైనా ఇలా చేతిలో పెట్టుకుని సభకు వెళ్లే సభ్యులు ఈనాడు ఎంతమంది?

వైద్యం విషయానికి వస్తే, 1946లో భోర్ కమిటీ ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలను ప్రతిపాదించింది. 1952 అక్టోబరు 2న మొదలైన సమాజ వికాస పథకంతో అవి పల్లెలకు రావడం ఆరంభమైంది. భవనం వచ్చేది, డాక్టరు పట్నం వదిలి వచ్చేవాడు కాదు. సభలో ఎన్ని ప్రశ్నలు వేసినా తీరని ఈ కొరతకు సుందరయ్య సహచరులు సభ బయట ఒక దారి వెతికారు. ఆయన తమ్ముడు డాక్టర్ పుచ్చలపల్లి రామచంద్రారెడ్డి నెల్లూరులో ప్రజావైద్యశాల నడిపారు. డాక్టర్ జెట్టి శేషారెడ్డి వంటివారు అందులో పనిచేశారు. పల్లెల యువకులకు అక్కడ ప్రాథమిక వైద్యంలో శిక్షణ ఇచ్చి ఊళ్లకు పంపేవారు. వాళ్లు జ్వరానికి, విరేచనాలకు, పాముకాటుకు తొలి సాయం చేసి, తమ చేతిలో లేని జబ్బైతే రోగిని నెల్లూరు తీసుకువచ్చేవారు. పట్టా లేని వైద్యుల మీద అభ్యంతరాలు అప్పుడూ ఉన్నాయి, ఇప్పుడూ ఉన్నాయి. వాటిలో న్యాయమూ ఉంది. అయితే పట్టా ఉన్న డాక్టరు ఊరి ముఖం చూడని కాలంలో, శిక్షణ పొందిన ఒక మనిషిని ఊళ్లో నిలపడం వేల కుటుంబాలను అప్పుల నుంచి కాపాడింది. 2007 ఏప్రిల్‌లో మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలైన ఆరోగ్యశ్రీ పెద్ద జబ్బుల ఖర్చును తీసుకుంది. జ్వరం, రక్తపోటు, చక్కెర జబ్బు వంటి నిత్యఖర్చు ఇంటి మీదే మిగిలింది.

ధరల సంగతి 1960ల నడుమ అన్నిటినీ మించిపోయింది. ఆహార కొరత, ధరల పెరుగుదల దేశమంతా ఆందోళనలు రేపాయి. సరిగ్గా ఆ వేళలో, 1964 డిసెంబరు ఆఖరున, మార్క్సిస్టు నాయకులను భారత రక్షణ నిబంధనల కింద ప్రభుత్వం అరెస్టు చేసింది. సుందరయ్య 1966 దాకా నిర్బంధంలో ఉన్నారు. గన్నవరం ప్రజల ప్రతినిధి, బియ్యం ధర మండిపోతున్న నెలల్లో సభలో లేడు. ప్రజాస్వామ్యం మీద నమ్మకం ఉన్న ఎవరికైనా ఇది బాధ కలిగించే విషయమే. 1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం తెచ్చింది. ఆ పథకం ఆ ఏడు హఠాత్తుగా పుట్టలేదు. చౌకధరల దుకాణాల కోసం, ఆహారధాన్యాల సేకరణ కోసం ప్రతిపక్షాలు సభలోనూ వీధిలోనూ ముప్ఫై ఏళ్లు అడిగిన దానికి ఒక జనాకర్షక నాయకుడు రూపం ఇచ్చాడు. ఘనత ఆయనకు దక్కింది. అడిగినవారి పేర్లు సభా కార్యకలాపాల సంపుటాల్లో ఉండిపోయాయి.

1977 నవంబరు 19న కృష్ణా జిల్లా దివిసీమలో ఉప్పెన వచ్చింది. వేలమంది ఒక్క రాత్రిలో చనిపోయారు. గుడిసెల్లో ఉన్నవారే ఎక్కువగా కొట్టుకుపోయారు. గట్టి గోడలున్న కొద్ది ఇళ్లు, గుళ్లు, బళ్లు నిలిచాయి. ఇంటి సమస్య ప్రాణ సమస్యేనని ఆ జిల్లా అంత స్పష్టంగా మరెప్పుడూ చూడలేదు. మూడు నెలలకే ఎన్నికలు వచ్చాయి. అదే కృష్ణా జిల్లా నుంచి సుందరయ్య మూడోసారి సభకు వచ్చారు. పక్కా ఇళ్లు, తుపాను షెల్టర్లు ఆ కాలంలో ప్రభుత్వ కార్యక్రమాల్లోకి వచ్చాయి. 1979లో రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ ఏర్పడింది. భూపరిమితి చట్టం 1973లో, అసైన్డ్ భూముల అన్యాక్రాంత నిషేధ చట్టం 1977లో వచ్చి ఉన్నాయి. చట్టం ఉన్నా మిగులు భూమి చాలావరకు పేదలకు చేరలేదు. ఇళ్ల కార్యక్రమం వేగంగా సాగి భూపంపిణీ నిలిచిపోవడంతో, కూలీకి ఇల్లు దక్కినా ఆ ఇంట్లో పొయ్యి వెలగడానికి కావలసిన ఆధారం దక్కలేదు.

పల్లె సభ్యుడు ఊరి గోడును చట్టసభకు తేవడం తెలుగునాటకే పరిమితం కాదు. ఐర్లండ్ పార్లమెంటు దిగువ సభలో గ్రామీణ ప్రాంతాల స్వతంత్ర సభ్యులకు ఒక ప్రత్యేక స్థానం ఉంది. అక్కడ ఒక్కో నియోజకవర్గానికి మూడు నుంచి ఐదుగురు సభ్యులు ఉంటారు. ఓటరు తన ఇష్టాన్ని 1, 2, 3 అని వరసగా గుర్తిస్తాడు. అందువల్ల పార్టీ బలం లేకున్నా ఊళ్లో మంచి పేరున్న మనిషి గెలవగలడు. సభ్యులు నియోజకవర్గంలో తరచూ కూర్చుని, పింఛను, ఇల్లు, ఆస్పత్రి అపాయింట్‌మెంటు వంటి అర్జీలు వింటారు. 1997లో కెర్రీ కౌంటీ దక్షిణ ప్రాంతం నుంచి గెలిచిన జాకీ హీలీ–రే, మైనారిటీ ప్రభుత్వానికి మద్దతిచ్చి, బదులుగా తన ప్రాంతానికి రోడ్లు, నిధులు రాబట్టుకున్నారు. తర్వాత ఆయన కొడుకులూ సభకు వచ్చారు. 2009లో ఎన్నిస్, నీనా పట్టణాల ఆస్పత్రుల్లో ఇరవైనాలుగు గంటల అత్యవసర సేవలు తీసివేసి లిమరిక్ ఆస్పత్రికి మార్చారు. ఆనాటి నుంచి లిమరిక్‌లో స్ట్రెచర్ల మీద పడిగాపులు పడే రోగుల గురించి చుట్టుపక్కల సభ్యులు ఏటా సభలో అడుగుతూనే ఉన్నారు. ఇళ్ల అద్దెలు, ఇంధనం ఖర్చు కూడా అక్కడి పల్లె సభ్యులు నిత్యం ఎత్తే విషయాలే.

హీలీ–రే పద్ధతికీ సుందరయ్య పద్ధతికీ తేడా పెద్దది. మొదటిది తన ఊరికి వాటా తెచ్చుకోవడం. రెండోది తన ఊరిని ఉదాహరణగా పెట్టి రాష్ట్రమంతటికీ న్యాయం అడగడం. ఓటరుకు మొదటిది వెంటనే కనబడుతుంది, అందుకే అది గెలిపిస్తుంది. 1967 నుంచి 1978 వరకు సుందరయ్య సభలో లేరన్నదీ గుర్తుంచుకోవాలి. అయినా చట్టాన్ని కదిలించేది రెండోదే. ఒక్క ఊరికి వచ్చిన రోడ్డు పక్క ఊరి కూలి రేటును పెంచదు.

తెలుగు సభల్లో ఈ రెండో దారిలో నడిచినవారు ఇంకా ఉన్నారు. సత్తెనపల్లి నుంచి నాలుగుసార్లు గెలిచిన వావిలాల గోపాలకృష్ణయ్య, ఏ పెద్ద పార్టీ అండా లేకుండా సభలో గౌరవం సంపాదించారు. నర్సంపేట నుంచి అయిదుసార్లు గెలిచిన మద్దికాయల ఓంకార్, ఇల్లెందు నుంచి అయిదుసార్లు గెలిచిన గుమ్మడి నర్సయ్య తెలంగాణ పల్లెల, ఏజెన్సీ గూడేల గోడును హైదరాబాదు దాకా తెచ్చారు. నర్సయ్య కూడా సైకిలుతోనే పేరుపడ్డారు. ఆయన విషయంలోనూ అదే జరిగింది: నిరాడంబరత వార్త అయినంతగా పోడు భూముల గురించి ఆయన అడిగినది వార్త కాలేదు.

ఇక ఈ ఉపన్యాసం జరుగుతున్న చోటికి వద్దాం. హైదరాబాదు శివారులోని మల్లాపూర్, నాచారం, చర్లపల్లి పారిశ్రామికవాడల్లో పనిచేసేవారిలో చాలామంది నల్లగొండ, వరంగల్, మహబూబ్‌నగర్ పల్లెల నుంచి, కోస్తా నుంచి, ఇతర రాష్ట్రాల నుంచి వచ్చినవారు. ఊళ్లో వదిలివచ్చిన మూడు సమస్యలూ ఇక్కడ కొత్త రూపంలో ఎదురవుతాయి. భూస్వామి జాగా బదులు ఒక్క గది అద్దె. నాగు బదులు ఫైనాన్సు కంపెనీ కిస్తీ. అలగానిపాడు లెక్క ఇక్కడా సరిపోతుంది: అద్దె, మందులు, బియ్యం–నూనె పోగా జీతంలో మిగిలేదెంత అన్నదే కార్మికుడి బేరశక్తిని నిర్ణయిస్తుంది.

ఇక్కడి సమస్యను సభకు తీసుకువెళ్లేటప్పుడు ఎవరిని అడగాలన్నది ముందు తేల్చుకోవాలి. ఈఎస్ఐ (కార్మిక రాజ్య బీమా) 1948 నాటి కేంద్ర చట్టంతో వచ్చింది. అది వర్తించే నెల జీతం పరిమితిని 2017 జనవరిలో 21,000 రూపాయలు చేశారు. 2019 జులైలో యజమాని వాటాను 3.25 శాతంగా, కార్మికుడి వాటాను 0.75 శాతంగా నిర్ణయించారు. జీతం కొద్దిగా పెరిగి ఆ గీత దాటిన కుటుంబం వైద్యరక్షణ కోల్పోతుంది. ఈ పరిమితిని పెంచమని అడగాల్సింది లోక్‌సభలో, మల్కాజిగిరి సభ్యుడి ద్వారా. డిస్పెన్సరీలో డాక్టరు లేడన్నా, మందులు లేవన్నా అడగాల్సింది శాసనసభలో, ఉప్పల్ సభ్యుడి ద్వారా. డిస్పెన్సరీలను నడిపేది రాష్ట్రం కాబట్టి. కాంట్రాక్టరు కార్మికుడి పేరే నమోదు చేయకపోతే అది అమలు లోపం, దానికి సంఖ్యతో కూడిన ప్రశ్న కావాలి. ఇళ్లదీ అంతే. ప్రభుత్వ స్థలంలో ఉన్న పేదల ఇంటిని 125 చదరపు గజాల దాకా ఉచితంగా క్రమబద్ధీకరించేందుకు 2014లో ఇచ్చిన 58వ నంబరు జీవో రాష్ట్ర ఉత్తర్వు. దానికింద వచ్చిన దరఖాస్తులు, ఇచ్చిన పట్టాలు, తిరస్కరించినవి, వాటి కారణాలు వార్డుల వారీగా అడిగితే రెవెన్యూ మంత్రి జవాబు చెప్పక తప్పదు. ఆ ప్రశ్న అడగాలంటే మొదట కాలనీలో ఇంటింటికీ తిరిగి లెక్క రాయాలి. సుందరయ్య అనంతవరంలో చేయించిన పని అదే.